పడవల వాళ్ల చరిత్ర రాస్తానంటున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. మీ పిన్ని మోకాళ్ల నొప్పులు మామూలే.

మొన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, కొమ్మమూరు కాలువ మీద పడవలు నడిపిన కుటుంబాల వివరాలన్నీ రాస్తానంటున్నావట. "నువ్వన్నా చెప్పి మాన్పించరా, నీ మాటయితే వింటుంది" అన్నాడు. వినవని నాకు తెలుసు, వాడికీ తెలుసు. మాన్పించే ఉద్దేశం నాకైతే లేదు. మీ తాతయ్య, కాలువలో పడవల్ని ఎత్తుపల్లాలు దాటించే దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరుగా తలుపులు తిప్పిన మనిషి. ఆయన మనవరాలు ఆ లాకులు దాటిన పడవల లెక్క తీస్తానంటే ఛాతీ ఉప్పొంగదూ? కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా నా సర్వీసంతా కాగితాల మధ్యే గడిచింది కదా, కాగితం మనిషిని ఎలా బోల్తా కొట్టిస్తుందో చూసినవాణ్ని.

ఫోనుకు ఛార్జింగు, మంచినీళ్లు, టోపీ, పరిచయం ఉత్తరాలు: ఇవి నీకు చెప్పక్కర్లేదు.

ముందు సర్కారు కాగితాలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు కిందే ఉన్నాం. అందుకని కాలువల పాత ప్రొసీడింగ్స్ చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి వెళ్లక తప్పదు. 1806లో కోక్రేన్ దొర మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన ముక్క, 1876-78 కరువులో పనికోసం వచ్చిన జనంతో తవ్వించిన ముక్కలు, మన కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర కలిసే ఆ కాలువకి 1878లో గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టడం, ఈ సంగతులకు అక్కడ లోటుండదు. గోర్డన్ మెకంజీ రాసిన 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ కూడా తిరగెయ్యి. వీటన్నిట్లో నీకు మైళ్లు దొరుకుతాయి, టన్నులు దొరుకుతాయి, రాబడి దొరుకుతుంది. గెడ వేసి పడవ నడిపినవాడు మాత్రం ఎక్కడా కనపడడు.

జనాభా లెక్కల్లో పేర్లు చూస్తానని మీ నాన్నతో అన్నావట. ఆ ఆశ ఇప్పుడే వదులుకో. మన దేశంలో లెక్కలు కూడుకోవడం అయ్యాక ఇంటింటి ఫారాలు దాచలేదు. ఏ తాలూకాలో పడవల మీద బతికేవాళ్లు ఎంతమందో చెప్తాయి, వాళ్లెవరో చెప్పవు. లాకుల దగ్గర రాసిన రోజువారీ పుస్తకాల సంగతీ అంతే. మా ఆఫీసుల్లో ఫైలు మూసేటప్పుడు దాని మీద ఓ గుర్తు వేసేవాళ్లం. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి, ఎల్.డిస్. అంటే ఏడాది దాటితే చింపెయ్యొచ్చు. ఫలానా పడవ ఫలానా రోజు ఊకబస్తాలతో లాకు దాటిందన్న ముక్కని శాశ్వతంగా దాచాలని ఏ గుమాస్తాకి తోస్తుంది చెప్పు?

1890 నాటి మద్రాసు కాలువల చట్టం ఒకటుంది, పడవల లైసెన్సులు, సుంకాలు దాని కిందికే వస్తాయి. ఆ లైసెన్సు కాగితాలు ఎవరింట్లోనైనా కనపడితే కళ్లకద్దుకో. కానీ అందులో పేరున్నవాడే పడవ నడిపాడనుకోకు. చాలాసార్లు అది డబ్బు పెట్టిన షావుకారు పేరు. పడవ నడిపే సరంగు పేరు ఉన్నా, ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరు రాసి పారేసేవాళ్లు. ఊళ్లో ఒకే పేరుతో నలుగురుంటే ఆ నలుగురూ కాగితంలో ఒక్కడైపోతారు. ఇంటిపేర్ల కోసం బడి అడ్మిషను రిజిస్టర్లు చూడు. గుంటూరు వైపు 1842 నుంచీ లూథరన్ మిషను ఉంది కాబట్టి క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు చూడు. కరణాల కాగితాలు 1984లో ఆ ఉద్యోగాలు పోయాక ఎవరి అటక మీదికి ఎక్కాయో ఊళ్లో అడిగితేనే తెలుస్తుంది.

ఇక షావుకార్ల చిట్టాలు, ఆవర్జాలు, అంటే రోజువారీ పద్దులూ, పేరుపేరునా ఖాతాలూ రాసే పుస్తకాలు. నీకు అసలైన సరుకు దొరికేది అక్కడే, ప్రమాదమూ అక్కడే. మా స్నేహితుడొకాయన ఉండేవాడు, స్కూలు మాస్టారు. చాలా మంచివాడు, ఓపిక గలవాడు, అక్షరాలు కలిపేసి రాసే గొలుసుకట్టు రాత అచ్చు పుస్తకంలా చదివేవాడు. చినగంజాం ఉప్పు కొటార్ల నుంచి ఉప్పు తోలిన ఒక సరంగు కుటుంబం గురించి ఆయనో చిన్న పుస్తకం వేశాడు. ఊరి తిరణాలకు పంచిపెట్టారు కూడా. వాళ్ల పేర్లు నేనిక్కడ రాయను, ఎందుకో నీకే తెలుస్తుంది.

ఆయనకు ఒక షావుకారింట్లో అట్టలూడిపోయిన ఆవర్జా దొరికింది. మొదటి కాగితాలు చెదలు తినేశాయి. ఒకచోట "వికారి సం॥ మార్గశిరం" అని ఉండి, దాని కింద ఫలానా సరంగు కాలం చేసినందున బాకీ అతని కొడుకు పేర మార్చడమైనది అని ఉంది. ఆ కుటుంబంలో అదే పేరు గల సరంగుని ఊళ్లోవాళ్లంతా ఎరుగుదురు. ఆయన ఉప్పు తోలడమూ అందరికీ గుర్తే. వికారి అంటే 1959-60. మాస్టారు సంబరపడిపోయి, సరంగు 1959 చివర్లో పోయాడని రాసేశాడు.

పుస్తకం పంచిన మర్నాడు ఆ సరంగు ఆఖరి కూతురు మాస్టారింటికి వచ్చింది. నేను అక్కడే వరండాలో కూర్చుని ఉన్నాను. మనిషి సన్నగా, గట్టిగా ఉంది. చేతిలో పుస్తకం, పుస్తకంలో వేలు పెట్టుకుని ఉంది. "అయ్యా, నేను పుట్టింది అరవై రెండులో. బళ్లో రాసుంది. మా నాన్న యాభై తొమ్మిదిలో పోతే నేనెవరికి పుట్టానండీ?" అంది. అరవలేదు, ఏడవలేదు. అప్పటికే కాలువ గట్టున ఎవరో నవ్వేశారట. మాస్టారు నోట మాట రాలేదు. లోపలికెళ్లి ఆవర్జా తెచ్చుకుని, ఆమె ముందే మళ్లీ మొదటి నుంచీ చదవడం మొదలెట్టాడు.

సంగతేమిటంటే, సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1899-1900 కూడా వికారే. మనవాళ్లు తాత పేరు మనవడికి పెడతారు. తాత సరంగే, మనవడూ సరంగే. అమ్మవారి పేరు పెట్టిన పడవ పాతబడితే కొత్తదానికీ అదే పేరు. పేరూ, పనీ, పడవా, సంవత్సరం నాలుగూ కలిసేసరికి మాస్టారికి అనుమానమే రాలేదు. ఆవర్జాలో పోయిన సరంగు ఆమె తండ్రి కాదు, ఆమె తండ్రికి తాత. ఎలా తేలిందంటావా? అదే పేజీలో నాలుగు వరుసల కింద ఉప్పు పన్ను పద్దు ఉంది. ఉప్పు పన్ను 1947లోనే ఎత్తేశారు కదా! 1959లో పన్ను ఎవడు కడతాడు? అణాలూ పైసలూ ఉండటం వల్ల తేల్చలేం, 1957లో నయాపైసలు వచ్చాక కూడా ఊళ్లలో అణాల్లోనే మాట్లాడుకునేవాళ్లు. ఉప్పు పన్ను మాత్రం అబద్ధమాడదు. మాస్టారు ఆ వరుస కూడా చదివాడు, తన పుస్తకానికి పనికిరాదని వదిలేశాడు.

ఆయన సవరణ కాగితం అచ్చు వేయించి, పుస్తకం తీసుకున్న ప్రతి గడపకీ తనే తిరిగి అంటించి వచ్చాడు. అయినా నవ్వినవాళ్లు సవరణ చదువుతారా? ఆమె మనవరాలి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఎవరో ఆ మాట ఎత్తారని తర్వాత విన్నాను. అందుకే నీకు ఇంత పొడుగ్గా చెప్తున్నాను, విసుక్కోకు. ఏ సంవత్సరం పేరు చదివినా పక్కన రెండు ఇంగ్లీషు సంవత్సరాలు రాసుకో. వాటిలో ఒకటి కొట్టెయ్యడానికి పేజీలోనే ఇంకో ఆధారం వెతుకు. పన్నో, బస్తా ధరో, రైలు మాటో ఏదో ఒకటి ఉంటుంది. బెజవాడ నుంచి మద్రాసు వైపు రైలు మార్గం 1899లో పూర్తయింది, దూరపు బేరాలు పడవ నుంచి రైలుకి మళ్లడం ఆవర్జాల్లో కనపడుతుంది. చావు, పుట్టుక, పెళ్లి, ఈ మూడూ కాగితంలో దొరికినా ఇంట్లో పెద్ద ఆడవాళ్లకు చదివి వినిపించకుండా రాయకు. ఎవరు ఎవరి తర్వాత పుట్టారో వాళ్లకి తెలిసినట్టు మగవాళ్లకి తెలీదు. "ఉప్పెనకి కడుపుతో ఉన్నా" అంటే 1977 నవంబరు. "పుష్కరాలకి చంకలో ఉంది" అంటే మాత్రం ఏ పుష్కరాలో అడుగు. కృష్ణకి 1980లో వచ్చాయి, 1992లోనూ వచ్చాయి. మళ్లీ అదే తిరకాసు.

ఇప్పుడు నా అసలు భయం చెప్తాను. షావుకారు పుస్తకంలో సరంగు కుటుంబం కనపడేదే బాకీగా. పడవకి కొత్త పలకలు వేయిస్తే అప్పు, సందుల్లో నార కుక్కి గుగ్గిలం పోయిస్తే అప్పు, వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేసిన రోజుల్లో తిండిగింజలకు అప్పు. కూతురి పెళ్లికి తీసుకున్నది, తిరిగి ఇవ్వలేక పడవ వదులుకున్నది కూడా రాసుంటాయి. నీకది చరిత్ర. ఆ ఇంటి కుర్రాడికి, ఎక్కడో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాడికి, తన తాత పేరు పక్కన బాకీ అంకె ఇంటర్నెట్‌లో కనపడితే ఎలా ఉంటుంది? నువ్వు పెట్టినా పెడతావు, నీకు అన్నీ అందరికీ తెలియాలని ఉబలాటం. చిన్నప్పుడు మీ పిన్ని డబ్బులు దాచుకున్న డబ్బా సంగతి ఇంటిల్లిపాదికీ చెప్పింది నువ్వేగా. అంకెలు నీ నోటుబుక్కులో ఉంచుకో. ఎంతమంది సరంగులు అప్పుల్లో ఉన్నారో మొత్తంగా రాయి. పేరుతో రాయాలంటే ఆ ఇంటివాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే రాయి. షావుకారు రాసింది షావుకారి లెక్క. వాళ్లు ఎంత కట్టారో వాళ్ల నోటితో కూడా విని, ఆ మాటా పక్కనే రాయి.

ఇంకొకటి, ఏ ఇంట్లోనూ కాగితం బయటికి తీసుకుపోకు. "తీసుకెళ్లమ్మా, మాకెందుకు" అని వాళ్లే అంటారు. అయినా తేవద్దు. అక్కడే వెలుతురులో ఫొటో తీసి, వాళ్ల చేతుల్లో పెట్టి, ఎక్కడ దాచారో చూసి మరీ రా. సముద్రం వైపు ఊళ్లలో 1977 ఉప్పెనకి మనుషులే కొట్టుకుపోయారు, కాగితాలెన్ని మిగిలుంటాయి? మిగిలిన ఆ నాలుగూ మనవాళ్లు "జిరాక్స్ తీసి ఇస్తాం" అని పట్టుకెళ్లినవే. ఒక్కటి తిరిగొచ్చినట్టు నేను వినలేదు.

గట్టు వెంట ఒంటరిగా సాయంత్రం దాటాక తిరగకు. లాకు గోడల మీదికి అసలు ఎక్కకు, పాచి పట్టి ఉంటాయి. మీ తాతయ్య ముప్పై ఏళ్లు అక్కడ నడిచి కూడా ఎప్పుడూ చెప్పులు చేతిలోనే పట్టుకునేవాడు. నవ్వుతున్నావు కదూ? నవ్వు. ఈత రాని పిల్లవి నువ్వు.

భోజనాల వేళ ఎవరింటికీ వెళ్లకు, పెట్టలేక మొహమాటపడతారు. పదకొండింటికి వెళ్తే టీ ఇస్తారు, అది తాగు. మొదటిరోజు ఏమీ రాసుకోకు, పెన్ను బయటికి తియ్యకు. పడవ గురించి అడగటానికి ముందు మీ తాతయ్య పేరు చెప్పు. దుగ్గిరాల లాకుల లస్కరు మనవరాలినంటే ముసలివాళ్లు కొందరు తిట్టొచ్చు కూడా. తలుపులు తియ్యడం ఆలస్యం చేస్తాడని ఆయన మీద చాలామందికి కోపం ఉండేది. ఆ తిట్లు మాత్రం పొల్లు పోకుండా రాసుకొచ్చి నాకు చదివి వినిపించు.

గొలుసుకట్టు రాత నీకు రాదు కాబట్టి వచ్చే ఆదివారం నుంచీ ఇక్కడికి రా. నా దగ్గర పాత దస్తావేజులు కొన్ని ఉన్నాయి, రోజుకో పేజీ చదివిస్తాను. వీసం, పరక లాంటి పాత భిన్నాల గుర్తులు కూడా అప్పుడే నేర్చుకుందువుగాని. పెదగంజాం వెళ్లేరోజు నేనూ వస్తాను, మీ నాన్నతో అనకు. ఎగ్మూరుకి మాత్రం రాత్రి బస్సులో కాకుండా రైల్లో వెళ్లు. తారీఖు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, టికెట్టు నేను తీయిస్తాను.

ఇట్లు,
మీ బాబాయి