తమ్ముడికి 24 ఏళ్లు, సంతకం ఎవరు పెట్టాలి?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది నల్లకుంట. మా తమ్ముడికి 24 ఏళ్లు, చిన్నప్పట్నుంచి బుద్ధిమాంద్యం, 75 శాతం అని సర్టిఫికెట్ ఉంది. ఉగాదికి ముందు నాన్న పోయారు. వాడి పేరు మీద నాన్న వేసిన ఎఫ్‌డీ తీద్దామంటే బ్యాంకువాళ్లు గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. అమ్మ ఉంది కదా, మళ్లీ గార్డియన్ ఏంటి? మా బాబాయేమో వాడి వేలిముద్ర వేయించి జీపీఏ (వాడి బదులు సంతకాలు పెట్టే అధికార పత్రం) రాయించేస్కో అంటున్నాడు.

జవాబు: ముందు ఆ జీపీఏ మాట మర్చిపో అమ్మా. జీపీఏ రాసిచ్చే మనిషికి తను ఏం రాసిస్తున్నాడో తెలియాలి, తెలియని పిల్లాడి వేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద నొక్కితే అది చెల్లదు, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే నీ మెడకే చుట్టుకుంటుంది. ఇక అమ్మ సంగతి. కన్నతల్లే అయినా పిల్లాడికి 18 నిండితే చట్టం లెక్కలో ఆమె గార్డియన్ కాదు. చాలామందికి ఈ ముక్క బ్యాంకు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది, అదీ ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో.

మీకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకి ఇది వర్తిస్తుంది. కోర్టుకి వెళ్లక్కర్లేదు, కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేయాలి, మీకైతే హైదరాబాద్ కలెక్టరేట్. అమ్మ చేయొచ్చు, నువ్వూ చేయొచ్చు. నన్నడిగితే గార్డియన్‌గా నువ్వే ఉండు, అమ్మ తర్వాత మళ్లీ ఇదే తిరుగుడు పడకుండా. కమిటీ ఇచ్చే గార్డియన్ సర్టిఫికెట్ మీద అకౌంట్ నడపొచ్చని ఆర్బీఐ బ్యాంకులకి 2007లోనే చెప్పింది.

తమ్ముణ్ని మాత్రం వెంట తీసుకెళ్లు. నా దగ్గరికొచ్చిన ఒకింట్లో అబ్బాయికి మాటలు రావు, ఎవరితో ఉంటావు నాన్నా అని అడిగితే అక్క చున్నీ కొస పట్టుకుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు, గార్డియన్‌గా ఉంటానని వచ్చిన అన్న అది చూసి తనే తప్పుకున్నాడు. వాళ్లకీ ఇష్టాలుంటాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత గార్డియన్ అన్నది కూడా ఇదే, గార్డియనూ ఆ మనిషీ ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి.

ఇంకోటి, గార్డియన్ అయితే ఆస్తి నీదైపోదు. 6 నెలల్లో వాడి ఆస్తి, అప్పుల లిస్టు కమిటీకి ఇవ్వాలి, ఏటా మార్చి అయ్యాక 3 నెలల్లో లెక్కలు చూపాలి. మందులకెంత, బట్టలకెంత ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండు. సరిగ్గా చూడట్లేదని, డబ్బు తినేస్తున్నారని ఇంట్లోవాళ్లు ఫిర్యాదు చేసి రుజువైతే గార్డియన్‌ని తీసేస్తారు కూడా.

ప్రశ్న: మా మామగారికి 78, డిమెన్షియా మొదలైందన్నారు. పొద్దున పూట బాగానే ఉంటారు, సాయంత్రానికి మనుషుల్ని గుర్తుపట్టరు. మాకూ ఈ కమిటీయేనా? - మలక్‌పేట కోడలు

జవాబు: కాదమ్మా, డిమెన్షియా ఆ చట్టంలోకి రాదు. ఇప్పుడు జీపీఏ తీసుకున్నా ఆయనకి పూర్తిగా మతి తప్పాక అది రద్దయినట్టే, 1872 కాంట్రాక్ట్ చట్టం అలా ఉంది. అప్పుడిక హైకోర్టులో రిట్ వేసుకుని గార్డియన్‌గా నియమించమని అడగాల్సి వస్తుంది, ఖర్చూ తిరుగుడూ ఎక్కువ. అందుకే ఆ పొద్దుటి పూటలు పోనివ్వకండి. ఆయనకి విషయం అర్థమవుతోందని డాక్టర్‌తో రాయించుకుని, అత్తగారితో జాయింట్ అకౌంట్ పెట్టించండి, వీలునామా రాస్తారేమో ఆయన్నే అడగండి, ఆయన చెప్పిందే రాయించండి.