డిగ్రీ లేకుండా ద్రావిడ భాషల నిఘంటువు తయారు చేయొచ్చా?

చేయొచ్చు, దానికి భాషాశాస్త్రంలో డిగ్రీ ఉండాలనే రూలేమీ లేదు. ఎందుకంటే నిఘంటువు పనిలో ఎక్కువ భాగం మాటలు పోగేయడం, మాట్లాడేవాళ్లతో సరిచూసుకోవడం, మళ్లీ మళ్లీ దిద్దుకోవడం. చదువుకంటే ఓపిక ముఖ్యం. కేరళలో తలశ్శేరికి చెందిన ఞాట్యేల శ్రీధరన్‌నే చూడండి, నాలుగో తరగతితో బడి మానేసి బీడీలు చుట్టిన మనిషి, దాదాపు 25 ఏళ్లు పట్టుబట్టి మలయాళం, కన్నడం, తమిళం, తెలుగు కలిపి నిఘంటువు పూర్తి చేశారు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఇవన్నీ ఒకే కుటుంబం కదా, మాట ఒకేలా వినిపిస్తే అర్థమూ ఒకటే అనుకుంటారు. కాదు. మనం ‘పండు’ అంటే మలయాళీకి ‘పూర్వం’ అని వినిపిస్తుంది, తినే పండు వాళ్లకు ‘పళం’. అటు మన ‘చెవి’, కన్నడిగుల ‘కివి’ వేరుగా వినిపించినా పుట్టుక ఒకటే. ఇక మన గుంటూరు గోంగూరకు తమిళంలో ‘పుళిచ్చ కీరై’, కన్నడంలో ‘పుండి సొప్పు’, అసలు పోలికే లేదు! కాబట్టి గుంటూరులో కూర్చుని నాలుగు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని కాపీ కొడితే పని జరగదు, ప్రతి మాటనూ ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లను అడిగి తేల్చుకోవాల్సిందే.