పకోడీ పొట్లం కూడా రాయి

తెనాలి,
ఆదివారం

చిట్టీ,

సినిమా చూసొచ్చి దాని గురించి నువ్వు రాసి పంపిన మూడు పేజీలూ చదివాను. మీ అత్తయ్య కూడా కళ్లజోడు వెతుక్కుని మరీ చదివింది. "బాగానే ఉంది గానీ, ఇందులో మన పిల్ల ఎక్కడుంది?" అంది. రెండు రోజులు ఆలోచించి నేను చెప్పబోతున్న మాట, ఆవిడ పోపు వేస్తూ చెప్పేసింది.

ఫస్టాఫ్ కొంచెం స్లో, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, ఎడిటర్ కత్తెరకి ఇంకాస్త పని చెప్పాల్సింది, మూడుంపావు రేటింగ్. ఇవన్నీ శుక్రవారం మధ్యాహ్నానికే ఊరంతా అనేసిన మాటలు. శనివారం రాత్రి చూసొచ్చి మళ్లీ అవే రాయడానికి నువ్వు నిద్ర చెడగొట్టుకోవడం దేనికి? నీకు అదేం ఉద్యోగం కాదు కదా.

నా డైరీల సంగతి నీకు తెలుసు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ కొత్త సంవత్సరానికి ఇచ్చినవన్నీ అటక మీదే ఉన్నాయి. చిన్నప్పుడు వాటిని పేర్చుకుని ఎక్కి, ఆవకాయ జాడీ అందుకోబోయి పడ్డావు కూడా. వాటి నిండా పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, మధ్యమధ్యలో సినిమాలు. మొదట్లో నేనూ నీలాగే రాశాను. "చిత్రం బాగుంది. పాటలు బాగున్నాయి. హాస్యం పర్వాలేదు." పైన పేరు చూస్తే గానీ అది ఏ సినిమానో ఇప్పుడు నాకే తెలియదు. ఒకచోట మాత్రం "ఇంటర్వెల్‌లో సోడా తాగుతుంటే చెప్పు తెగింది, మిగతా సినిమా ఒంటి చెప్పుతో చూశాను" అని ఉంది. అది చదవగానే ఆ హాలు, ఆ ఉక్క, తెర మీద వాన అన్నీ కళ్ల ముందుకొచ్చాయి.

'బలగం' చూసిన రోజు సంగతి చెప్తాను. 2023 మార్చిలో వచ్చింది. నేనూ మీ చిన్న మావయ్యా వెళ్లాం. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే పెద్దాయన పోతాడు, పిండాన్ని కాకి ముట్టదు. ఎందుకు ముట్టలేదా అని ఇంట్లో వాళ్లు ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటారు. ఎప్పుడో ఇరవయ్యేళ్ల కిందట అల్లుడికి నల్లిబొక్క పడలేదన్న గొడవ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. మనం మూలుగ ఎముక అంటామే, అదే. వాళ్ల యాస వేరు, కొన్ని తంతులు వేరు. కాకి మాత్రం ఒకటే.

మీ తాతయ్య పోయినప్పుడు నువ్వు పొట్టిదానివి, నీకు గుర్తుండదు. పదోరోజు కాలవ గట్టున విస్తట్లో అన్నీ పెట్టాం. గారెలు, పులిహోర, ఆయనకి ఇష్టమని గోంగూర. తుమ్మచెట్టు మీద ఐదారు కాకులున్నాయి, ఒక్కటీ దిగదు. గంట అయింది. పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు, ఆయనకి ఇంకో ఇంట్లో పని ఉంది. నేను చేతులు జోడించి "పొలం పంచుకోం నాన్నా, కలిసే ఉంటాం" అని కూడా అన్నాను. దిగలేదు. అప్పుడు మీ చిన్న మావయ్య ఏమీ మాట్లాడకుండా స్కూటరేసుకుని సెంటర్‌కి వెళ్లి, న్యూస్ పేపర్లో చుట్టిన ఉల్లిపాయ పకోడీ తెచ్చాడు. ఆఖరి రెండేళ్లూ బీపీ అని మీ అమ్మ ఆయన్ని పకోడీ ముట్టనివ్వలేదు. పొట్లం విప్పి విస్తట్లో పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశామో లేదో, కాకి వాలింది. మీ అమ్మ గట్టు మీదే కూలబడి ఏడ్చింది. మధ్యలో నవ్వింది కూడా.

పకోడీ కోసమే దిగిందో, మేం పక్కకి తప్పుకున్నామని దిగిందో, ఆ లెక్క జోలికి నేను వెళ్లలేదు. సినిమా చూస్తున్నంతసేపూ మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. బయటికొచ్చాక వాడు బండి ఆపి పావుకిలో పకోడీ కట్టించాడు. ఆ రాత్రి డైరీలో అదే రాశాను. దర్శకుడు వేణు యెల్దండి పేరు రాయడం మర్చిపోయి మర్నాడు పక్కన ఇరికించాను.

అలాగని సినిమాని పక్కనపెట్టి మొత్తం మన గోడే రాసుకోమని కాదు. ఆ తప్పూ చేశాను నేను. 2024 దీపావళికి 'లక్కీ భాస్కర్' వచ్చింది కదా, బొంబాయి బ్యాంకులో క్యాషియర్ కథ. ముప్పై ఏళ్లు నోట్లు లెక్కపెట్టినవాణ్ణి, ఊరుకుంటానా? అతను బ్యాంకు డబ్బు వాడుకుని సోమవారానికి సర్దేస్తుంటే, మీ అత్తయ్య చెవిలో "అలా కుదరదే, స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలుంటాయి, ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజర్ దగ్గర" అని మొదలుపెట్టాను. రెండుసార్లు ఓర్చుకుంది. మూడోసారి "మీరు రిటైరయ్యారండీ, సినిమా చూడండి" అంది. ముందు వరసలో కుర్రాడెవడో కిసుక్కున నవ్వాడు. ఇంటికొచ్చి నాలుగు పేజీలు తాళాల గురించే రాశాను. ఇప్పుడు చదివితే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులా ఉంది. మనకి తెలిసిన పనిని ఒక వాక్యంలో అంటే సరిపోతుంది, ఆడిటింగ్ అక్కర్లేదు.

ఇంట్లో చూసినవాటిని చిన్నచూపు చూడకు. '35: చిన్న కథ కాదు' మేం టీవీలోనే చూశాం, మూడు విజిల్స్‌కి కుక్కర్ ఆపడానికి లేస్తూ. అందులో పిల్లాడు సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన చేరితే తొమ్మిది కంటే పెద్దది ఎలా అవుతుందని అడుగుతాడు. మీ అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. "మా లెక్కల మాస్టారైతే బెంచీ ఎక్కించేవారు" అంది. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ లెక్కల క్లాసు గురించి మాట్లాడటం అదే మొదలు. ఆ పూట అన్నం కొంచెం మెత్తబడింది.

మిగతావి పెద్ద విషయాలు కావు. చూసిన రాత్రే రాయి, రాసేదాకా ఫోన్ ముట్టుకోకు. వేరేవాళ్లు ఏమన్నారో చూశావంటే నీ మాట నీకే గుర్తుండదు. విసుగు పుడితే పుట్టిందనే రాయి, కానీ ఏ సీన్లో వాచీ చూసుకున్నావో కూడా రాయి. హీరోల అభిమానుల తగాదాలు మనకొద్దు. టికెట్ ఎంతో వేసుకో, పదేళ్ల తర్వాత నవ్వుకుంటావు.

ఇక నీ మూడు పేజీల్లో నాకు నచ్చింది ఒకే ఒక్క లైను, అదీ నువ్వు కొట్టేసింది. లైటుకి ఎదురుగా పెట్టి చదివాను. "క్యాబ్ దొరక్క మెట్రో దాకా నడిచాం, దారంతా ఎవ్వరం మాట్లాడలేదు." ఎందుకు కొట్టేశావే? ఎవరెవరు నడిచారు, ఏ సీన్ తలుచుకుంటూ నడిచారు? మిగతాదంతా చింపేసి అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ పంపు. తొందరేం లేదు.

ఉంటాను,
మావయ్య

తా.క.: అత్తయ్య మాగాయ పంపిస్తోంది, తడి చెయ్యి పెట్టొద్దని చెప్పమంది. పకోడీ సంగతి నీకు రాసినట్టు మీ అమ్మతో అనకు.