సుధకు పెద్దమ్మ ఉత్తరం: సింపుల్ ప్రెజెంట్ దగ్గర తొందరపడకు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, సత్యనారాయణపురంలో మేడ మీద గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. దానికి భయం, నాకూ భయమే. నెల నెలా వచ్చే జీతం వదులుకోవడమంటే మాటలా? కానీ మనింట్లో నా తర్వాత ఇంకొకతె పాఠం చెప్పబోతోందంటే కడుపు నిండిపోయిందే.

ఫీజు ముందే తీసుకో, మొహమాటపడకు. గదిలో పట్టినంతమందినే చేర్చుకో. వారానికో రోజు సెలవు పెట్టుకో.

నా టెన్షన్ అంతా సింపుల్ ప్రెజెంట్ గురించి, అదే, రోజూ చేసే పనులూ ఎప్పుడూ నిజమయ్యే సంగతులూ చెప్పే టెన్సు. పుస్తకాల్లో మొదటి పాఠం కదా, నువ్వు రెండు రోజుల్లో దాటించేస్తావేమోనని.

నేను కొత్తగా చేరిన స్కూల్లో పిల్లల చేత రోజూ పట్టిక వల్లె వేయించేవారు. ఐ గో, వియ్ గో, యూ గో, దే గో, హీ గోస్, షీ గోస్, ఇట్ గోస్. ఏడో తరగతి కుర్రాడొకడు ఎక్కాల్లా గడగడా అప్పజెప్పాడు. మీ నాన్న ఏం చేస్తాడని ఇంగ్లీషులోనే అడిగాను. చొక్కా అంచు నలుపుకుంటూ "మై ఫాదర్ వర్క్ ఇన్ మిర్చి యార్డ్" అన్నాడు. వాడి పట్టికలో హీ ఉంది, షీ ఉంది, ఇట్ ఉంది. నాన్న లేడు. నాన్నన్నా 'హీ' కిందికే వస్తాడని వాడికెవరూ చెప్పలేదు. ఇంకో పిల్లదీ అదే తంతు, "బస్ కమ్ లేట్" అంది. అక్కడే ఉన్న మాస్టారొకాయన, ఇప్పుడేగా అప్పజెప్పావ్ అంటూ ఆ కుర్రాడి చెవి మెలిపెట్టాడు. మళ్ళీ వాడి చేత ఇంగ్లీషులో ఒక్క ముక్క పలికించేసరికి సంక్రాంతి సెలవులు వచ్చేశాయి.

అందుకే పట్టిక చెప్పిన పూటే 'హీ' తీసేయించి ఆ చోట నాన్నని, తమ్ముణ్ణి, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ని, కృష్ణానదిని పెట్టించు. "ది కృష్ణా ఫ్లోస్ ఇంటు ది బే ఆఫ్ బెంగాల్." అది ఎప్పుడూ నిజమే కాబట్టి ఈ టెన్సు. రత్నాచల్ వెళ్ళేది టైమ్ టేబుల్ ప్రకారం, అందుకని రేపటి బండికైనా "లీవ్స్" అనొచ్చు.

మన పిల్లలకి క్రియ మార్చడం రాదనుకోకు. నాన్న వస్తాడు, అమ్మ వస్తుంది, వాళ్ళు వస్తారు, నేను వస్తాను అని మాటలొచ్చిన దగ్గర్నుంచీ మారుస్తూనే ఉన్నారు. ఇంగ్లీషు మార్చమనేది ఒక్క చోట, హీ, షీ, ఇట్ దగ్గర. ఆ సంగతి మొదటి రోజే చెప్పు, సగం భయం పోతుంది.

"ఐ యామ్ గోయింగ్ టు ఆఫీస్ డైలీ" అంటే నవ్వకు. తెలుగులో "రోజూ వెళ్తున్నాను" అనేది మనమే కదా, అదే అటు వెళ్ళింది. ఇప్పుడు దారిలో ఉన్నావా, రోజూ వెళ్తావా అని అడుగు, వాళ్ళే దిద్దుకుంటారు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" మాత్రం గట్టిగా పట్టుకుని "ఐ హావ్" అనిపించు, ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి అది చేటు. "హీ డజ్ నాట్ గోస్" అంటే, డజ్‌లో ఎస్ ఉండగా ఇంకోటెందుకని అడుగు. స్పెల్లింగులు తర్వాత చూసుకోవచ్చు.

నీకు ఓర్పు తక్కువ సుధా. హోంవర్క్ చెప్తూ తమ్ముణ్ణి స్కేలుతో కొడితే వాడు మంచం కింద దూరాడు. ఆ రాత్రి వాణ్ణి బతిమాలి, బయటికి రప్పించి అన్నం తినిపించిందీ నువ్వే. ఆ రెండో సుధ వెళ్ళి పాఠం చెప్పాలి. వాక్యం మధ్యలో ఆపకు, పూర్తి చెయ్యనివ్వు. తర్వాత "ఓ, యువర్ ఫాదర్ వర్క్స్ ఇన్ ది మిర్చి యార్డ్!" అని నువ్వు సరిగ్గా అను, ఇంకో ప్రశ్న వెయ్యి. తప్పు ఎక్కడుందో చెవికి అందుతుంది, పదిమందిలో పరువూ పోదు.

వైట్‌బోర్డు నేను కొనిస్తాను. బీసెంట్ రోడ్డులో చూసి, కాస్త పెద్దదే తీసుకుని బిల్లు నాకు పంపు, మీ అమ్మకి చెప్పకు. సాయంత్రం బ్యాచ్‌కి ముందు ఏదన్నా తిను, ఖాళీ కడుపుతో గొంతు చించుకోకు. మొదటి రోజు క్లాసు అవగానే, ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ