ఇష్టమైన శాస్త్రవేత్త ఎవరంటే ఏం రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఇంజినీరింగ్ వద్దు, గణితంలో డిగ్రీ చేస్తానంటోంది. ఒక సంస్థ దరఖాస్తులో 'మీకు ఇష్టమైన శాస్త్రవేత్త లేదా గణిత శాస్త్రవేత్త ఎవరు? ఎందుకు?' అని 200 పదాల్లో రాయమన్నారు. తర్వాత ఇంటర్వ్యూ ఉంటుందట. తను రామానుజన్ పేరు రాస్తానంటోంది. అందరూ రాసేది అదే, కొత్త పేరు వెతుక్కో అని వాళ్ల నాన్న పోరు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, తెనాలి

జవాబు: రామానుజన్ పేరు ఉంచేయండమ్మా. ఆ పేరు చూసి ఎవరూ విసుక్కోరు. ఈరోడ్‌లో పుట్టుక, పేదరికం, 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి ఉత్తరం, 1729 నంబరు టాక్సీ... ఈ నాలుగూ వరసగా రాసి ముగించిన కాగితం చూస్తేనే విసుగు. అందులో రాసినవాళ్ల ఊసే ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లాడైనా అదే రాస్తాడు.

పేరు ఖాయం చేసుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. తెల్లకాగితం ఇచ్చి, ఆ మనిషి చేసిన పనిలో ఒక్కటి పది నిమిషాల్లో చేసి చూపించమనండి. చేయగలిగితే ఆ పేరు రాయవచ్చు. లేకపోతే ఎంత గొప్పవారైనా వదిలేయాలి. ఇంటర్వ్యూలో 'ఎందుకు ఇష్టం?' తర్వాత వచ్చే మాట దాదాపు ఎప్పుడూ 'సరే, బోర్డు మీద చూపించు' అనే.

రామానుజన్ దగ్గర ఇంటర్ పిల్లలకు అందే పని విభజనలు. ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా కూడికగా రాయవచ్చన్నది లెక్క. 4ను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని ఐదు రకాలుగా రాయవచ్చు. 9కి 30 విభజనలు, 14కి 135, 19కి 490, 24కి 1575. అన్నీ 5తో భాగింపబడతాయి. 4తో మొదలుపెట్టి ఐదేసి ముందుకు వెళ్తే ఇది ఎప్పటికీ తప్పదని రామానుజన్ నిరూపించారు. మాక్‌మహన్ అనే గణితవేత్త 200 వరకు వేసిన విభజనల పట్టికను చూస్తూ ఆయన దీన్ని పసిగట్టారు.

9కి ఉన్న ముప్పై విభజనలూ చేత్తో రాయబోతే రెండో మూడో జారిపోతాయి. వరస లేకుండా తోచినట్టు రాయడమే కారణం. పెద్ద సంఖ్య ముందు పెట్టి, దాన్ని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ రావాలి. 14 దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి కూడా చాలదు. అక్కడ గణితవేత్త ఆయిలర్ ఇచ్చిన సూత్రం నేర్చుకోవాలి. 24 వరకు వెళ్లడానికి 1, 2, 5, 7, 12, 15, 22 అనే సంఖ్యలు గుర్తుంటే చాలు. కావలసిన సంఖ్యలోంచి వీటిని ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలినవాటి విభజనలను రెండు కూడిక, రెండు తీసివేత చొప్పున కలపాలి. 9కి: 8వి 22, 7వి 15 కూడాలి, 4వి 5, 2వి 2 తీయాలి. 22+15−5−2 = 30. 14కి: 101+77−30−15+2 = 135. పిల్లలు ఎక్కువగా తప్పేది సున్నా దగ్గర. సున్నాకు విభజనలు సున్నా అనుకుంటారు, నిజానికి ఒకటి. 5కి 5+3−1 = 7 రావాలి, ఆ ఒకటి మరిస్తే 8 వస్తుంది. 1 నుంచి 14 వరకు పట్టిక ఒకసారి స్వయంగా వేస్తే ఈ పొరపాటు మళ్లీ చేయరు. గంట పని.

'5 బదులు 7 అయితే?' అని బోర్డు దగ్గర అడిగే అవకాశం ఎక్కువ. 5కి 7, 12కి 77, 19కి 490 — అన్నీ 7తో భాగింపబడతాయి. ఇక్కడ 5తో మొదలై ఏడేసి అడుగులు. నిరూపణ అడిగితే '24 వరకు లెక్కవేసి చూశాను, నిరూపణ ఇంకా చదవలేదు' అని చెప్పేయడం మంచిది. పట్టు దొరకని చోట అల్లి చెబితే అవతలివాళ్లకు అర నిమిషంలో తెలిసిపోతుంది. 1+2+3+... అంటూ అంతం లేకుండా కూడితే మొత్తం −1/12 అన్న ముచ్చట మాత్రం తనంతట తాను ఎత్తకూడదు. వీడియోల్లో బాగుంటుంది గానీ, ఏ అర్థంలో నిజమో చెప్పలేకపోతే అక్కడే ఇరుక్కుంటుంది.

సంభావ్యత అంటే తనకు ఎక్కువ ఇష్టమైతే సి.ఆర్. రావు గారు ఇంకా మంచి ఎంపిక. నన్నడిగితే తెలుగు విద్యార్థులు ఈ పేరును రావలసినంతగా వాడుకోవడం లేదు. తెలుగు కుటుంబం, 1920లో హడగలిలో పుట్టుక, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ., తర్వాత కలకత్తాలోని భారత గణాంక సంస్థ (ఐఎస్ఐ). 1945లో, పాతికేళ్ల వయసులో వేసిన ఒక్క వ్యాసంలోనే క్రామర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఉన్నాయి. రెండోది మొరటు అంచనాను మెరుగుపరిచే దారి, దాన్ని ఇంటర్ లెక్కలతోనే చూపించవచ్చు. ఒక నాణేనికి బొమ్మ పడే సంభావ్యత పి అనుకోండి, దాని విలువ తెలియదు. 10 సార్లు ఎగరేసి, మొదటిసారి బొమ్మ పడితే 1, లేకపోతే 0 అని పి విలువను అంచనా వేస్తే అది మొరటు అంచనా, దాని విస్తృతి (అంచనా ఎంతగా అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత, వేరియన్స్) పి(1−పి). ఇప్పుడు మొత్తం 7 బొమ్మలు పడ్డాయని మాత్రమే తెలిస్తే, మొదటిది బొమ్మ అయ్యే అవకాశం ఎంత? పదిలో ఏడు ఎంచుకునే తీరులు 120. మొదటిది బొమ్మేనని స్థిరపరిస్తే మిగతా తొమ్మిదిలో ఆరు ఎంచుకునే తీరులు 84. 84/120 = 0.7. మొరటు అంచనా కాస్తా మామూలు సగటుగా మారింది, విస్తృతి పదో వంతుకు తగ్గింది. పి 0.5 అయితే 0.25 నుంచి 0.025కు. క్రామర్–రావు హద్దు ప్రకారం ఏ నిష్పాక్షిక అంచనా (సగటున అసలు విలువనే ఇచ్చేది) విస్తృతి కూడా దీనికంటే కిందికి దిగలేదు. 'నిష్పాక్షిక' అన్న మాట మరిస్తే దొరికిపోతారు. ఏం పడినా 0.5 అని చెప్పే అంచనాకు విస్తృతి సున్నా కదా, మరి హద్దు ఏమైంది అని అడుగుతారు.

కలాం గారి పేరు రాసినా తప్పులేదు, 'కలలు కనండి' దగ్గర ఆగకపోతే. ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టులో విఫలమైంది, 1980 జులై 18న రోహిణి కక్ష్యలో చేరింది. ఆ రాకెట్‌కు నాలుగు అంచెలు ఎందుకో సంవర్గమానాలతో వివరించగలిగితేనే రాయమనండి. బైపీసీ పిల్లలకైతే ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం చెందాక నీలిరంగు తేలుతుంది. రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ ఎంతో తెలుస్తుంది.

వ్యాసాల్లో పదేపదే కనిపించే తప్పులు కొన్ని ఉన్నాయి. ఆర్యభటుడు సున్నాను కనిపెట్టాడని రాస్తారు. సున్నాతో కూడికలు, తీసివేతల నియమాలు 628లో బ్రహ్మగుప్తుడు ఇచ్చినవి. ఆర్యభటుడి గురించి రాయాలంటే పై (π) విలువకు ఆయన ఇచ్చిన 62832/20000, అంటే 3.1416 ఉంది. ఐన్‌స్టీన్‌కు నోబెల్ సాపేక్షతకు కాదు, కాంతి విద్యుత్ ఫలితానికి. ఆయన లెక్కల్లో ఫెయిలయ్యాడన్నది ఒట్టి పుకారు. ఆకాశం నీలంగా కనిపించడానికి రామన్ ఫలితం కారణమని రాస్తారు. అది రేలీ పరిక్షేపణం, అంటే గాలి అణువుల వల్ల నీలికాంతి ఎక్కువగా చెదరడం. రామన్ ఫలితంలో కాంతి తరంగదైర్ఘ్యమే మారుతుంది.

ఇక 200 పదాల పంపకం. పుట్టుక, ఊరు, బిరుదులు అన్నీ కలిపి 30 పదాలు దాటకూడదు. చేసిన పనికి 90. తను స్వయంగా ఏం చేసి చూసింది, ఎక్కడ తప్పింది, ఎలా దిద్దుకుంది అన్నదానికి 60. తనకు ఇంకా అర్థం కానిది ఒకటి, మిగిలిన 20 పదాల్లో. ఆ చివరి 20 పదాలను చాలామంది కొట్టేస్తారు, బలహీనత చూపించినట్టు ఉంటుందని. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే రావచ్చు, అలా వస్తే తనకే లాభం. ప్రశ్న ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసు. 'ప్రపంచం గర్వించదగ్గ', 'స్ఫూర్తి ప్రదాత' లాంటివి ఎక్కడ కనిపించినా తీసేయండి. పదాల లెక్కకు తప్ప ఎందుకూ పనికిరావు.

వాళ్ల నాన్నగారికీ ఒక పని ఉంది. వారం రోజులు రాత్రి భోజనాలయ్యాక పదేసి నిమిషాలు కూర్చుని, 14కి ఎన్ని విభజనలో కాగితం చూడకుండా చేయమనాలి. మధ్యలో ఆపి 'సున్నాకు ఒకటెందుకు?' అని అడగాలి. ఆయనకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే తను ఇంటర్వ్యూకి వెళ్లవచ్చు.