ఫోన్‌కు తగిలించే క్లిప్ లెన్సులు నిజంగా పనికొస్తాయా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఫోన్‌కు క్లిప్‌తో తగిలించే లెన్సు కొంటే డబ్బు దండగేనా? మ్యాక్రో (చిన్నవాటిని బాగా దగ్గరగా తీసేది), వైడ్ (ఎక్కువ వెడల్పు పట్టేది), టెలీ (దూరపువాటిని దగ్గరగా చూపేది), ఫిష్ఐ (దృశ్యాన్ని గుండ్రంగా వంచేది) అన్నీ ఒకే సెట్టులో వస్తున్నాయి కదా, వాటిలో పనికొచ్చేది ఏది? మీరు అరువు తెచ్చుకున్న మ్యాక్రోతో తీస్తే ఫోటోలో కుడిపక్క మాత్రమే ఎందుకు మసకబారుతోంది?

ఆరేళ్ల నుంచి వీటిని వాడుతున్నానండీ. మొదట కొన్న సెట్టులో ఇప్పటికీ నా సంచిలో తిరుగుతున్నది మ్యాక్రో ఒక్కటే. తర్వాత విడిగా కొన్న పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) దానికి తోడు. మిగతావి అలమరలోంచి బయటికి రావడం లేదు.

ముందు వాటి సంగతి తేల్చేస్తాను. ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరా, అంటే మామూలుకంటే చాలా వెడల్పుగా చూసే రెండో కెమెరా, లేని రోజుల్లో 0.45ఎక్స్ వైడ్ లెన్సుకు అర్థం ఉండేది. ఇప్పుడు మీ ఫోన్‌లో ఆ కెమెరా ఉంటే దీని జోలికి పోనక్కర్లేదు. ఫిష్ఐ రెండు రోజులు సరదాగా ఉంటుంది, అంతే. టెలీ అంటారా, అది కెమెరా ముందు చిన్న దుర్భిణి పెట్టడం లాంటిది. నాది 2ఎక్స్. నడిమధ్య ఫరవాలేదు, అంచులకు పోయేకొద్దీ బొమ్మ కరిగిపోతుంది. ఆకాశానికి అడ్డంగా ఉన్న కొమ్మల చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. పైగా చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఫోన్ లోపల ఉంటుంది కదా, అది తన సొంత లెన్సు లెక్కలోనే కదులుతుంది. ముందు ఇంకో గాజు పెట్టామని దానికి తెలియదు. వణుకు రెట్టింపవుతుంది, సవరణ మాత్రం పాత లెక్కనే జరుగుతుంది. మామూలుగా తీసి మధ్యభాగం కత్తిరించుకుంటే వచ్చిన బొమ్మే నాకు చాలాసార్లు దీనికంటే మెరుగ్గా ఉండేది.

మ్యాక్రో కథ వేరు. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా 10 సెంటీమీటర్లకంటే దగ్గరికి వెళితే ఫోకస్ పట్టదు. సెన్సరు (వెలుతురును బొమ్మగా పట్టే చిప్పు) పెద్దదైన ఫోన్లలో ఈ దూరం ఇంకా ఎక్కువ. చత్వారం వచ్చినవాళ్లు కళ్లజోడు పెట్టుకుని దగ్గరి అక్షరాలు చదువుకుంటారు చూడండి, మ్యాక్రో లెన్సు ఫోన్‌కు చేసే సాయం సరిగ్గా అదే. దానివల్ల కెమెరాలోకి వెళ్లే వెలుతురు చెప్పుకోదగ్గంతగా తగ్గదు. సాఫ్ట్‌వేర్ ఎంత పెరిగినా ఫోకస్ అందని చోట లేని వివరాన్ని తేలేదు. ఈ గాజుముక్క తెస్తుంది. అందుకే దీన్ని గట్టిగా వెనకేసుకొస్తాను.

లెన్సు మీద 10ఎక్స్, 15ఎక్స్ అని రాసే అంకెలను గుడ్డిగా నమ్మకండి, ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కిస్తారు. అడగాల్సింది ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు నుంచి అది వెలుతురును ఒకచోట చేర్చే బిందువు దాకా ఉండే దూరం. మామూలు భూతద్దం లెక్కలో కంటికి హాయిగా కనిపించే దగ్గరి దూరం 250 మిల్లీమీటర్లు అనుకుంటారు, 10ఎక్స్ లెన్సుకు దాన్ని 10తో భాగిస్తే 25 మిల్లీమీటర్లు. అంటే అలాంటి లెన్సుతో వస్తువుకు రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడినుంచి మామూలు మెయిన్ కెమెరాకు దాదాపు 37 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అదే లెన్సును 3ఎక్స్ జూమ్ కెమెరా మీద పెడితే దూరం అంతే ఉంటుంది, ఫ్రేములో 12 మిల్లీమీటర్లే పడుతుంది. ఒక చీమ ఫ్రేములో సగం దాకా నిండుతుందన్నమాట.

ఇక్కడే నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటుంది. మీ ఫోన్‌లో 3ఎక్స్ కెమెరా ఉంటే బలమైన లెన్సు కాకుండా 100 మిల్లీమీటర్ల బలహీనమైన క్లోజప్ లెన్సు దాని మీద పెట్టి చూడండి. దాన్ని +10 డయాప్టర్ అని కూడా అంటారు, కళ్లజోడు పవరు కొలిచే లెక్కే ఇది. 10 సెంటీమీటర్ల దూరంలో నిలబడి 5 సెంటీమీటర్ల వెడల్పు తీయొచ్చు. సీతాకోకచిలుకలకూ తూనీగలకూ ఇది సరిగ్గా సరిపోతుంది. ముక్కు మీదికి వచ్చే ఫోన్‌ను ఏ పురుగూ భరించదు, పది సెంటీమీటర్లను మాత్రం కొన్ని ఓర్చుకుంటాయి. అయితే కొన్ని కొత్త ఫోన్లలో జూమ్ కెమెరా తనంతట తానే దగ్గరి వస్తువులకు ఫోకస్ పడుతోంది. మీది అలాంటిదైతే లెన్సు కొనకండి.

మొదటి వారంలో నన్ను ఏడిపించిన విషయం చెప్పాలి. మందార పుప్పొడి తీద్దామని లెన్సు పెట్టి దగ్గరికి వెళ్లేసరికి తెర మీద బొమ్మ ఒక్కసారిగా ఎగిరి మామూలు దృశ్యంలోకి మారిపోయేది, ఒక మూల నల్లగా క్లిప్పు కనిపించేది. లెన్సు చెడిపోయిందనుకున్నాను. తప్పు లెన్సుది కాదు. వస్తువు మరీ దగ్గరగా ఉందని పసిగట్టి ఫోన్ తనంతట తాను అల్ట్రావైడ్ కెమెరాకు మారిపోతోంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో మ్యాక్రో పద్ధతి కూడా ఇదే, అల్ట్రావైడ్‌తో 2 సెంటీమీటర్ల దాకా వెళుతుంది. క్లిప్ లెన్సు వాడేటప్పుడు ఈ ఆటో మ్యాక్రోను ఆపేయాలి, లేదా అన్నీ మనమే అమర్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి కెమెరాను మనమే ఎంచుకోవాలి. జూమ్ విషయంలోనూ ఇదే తంటా. వెలుతురు తక్కువైనా, వస్తువు దగ్గరైనా 3ఎక్స్ అని చూపిస్తూనే మెయిన్ కెమెరా బొమ్మను కత్తిరించి ఇచ్చే ఫోన్లున్నాయి. ఏ కెమెరా పనిచేస్తోందో అనుమానం వస్తే ఒక్కోదాన్ని వేలితో మూసి చూడండి. తెర ఏది మూస్తే నల్లబడిందో అదే.

మీ కుడిపక్క మసక సంగతికి వస్తే, అది తొంభై పాళ్లు లెన్సు ఒరిగి కూర్చోవడమే. నాలుగు అంచులూ సమానంగా మసకబారితే గాజు గుణం అనుకోవచ్చు. ఒక్క పక్కే మసక అంటే లెన్సు నడిమధ్యలో లేదు, లేదా వాలి ఉంది. ఇప్పటి ఫోన్లకు కెమెరా దగ్గర వెనకవైపు ఉబ్బు ఉంటుంది కదా, క్లిప్పు రబ్బరు ఒక కాలు ఉబ్బు మీద, ఒక కాలు కింద పెడితే వాలకేం చేస్తుంది? మందపాటి కవర్ ఉంటే తీసేయమని అందరూ చెబుతారు, నిజమే, లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎడం పెరిగి మూలలు నల్లబడతాయి. కానీ ఉబ్బుతో సమానంగా కూర్చునే పలుచటి కవర్ ఉంటే మాత్రం ఉంచండి, క్లిప్పుకు చదునైన నేల దొరుకుతుంది.

సరిచేసుకోవడానికి నేను చేసేది ఇది. కంప్యూటర్ తెర మీద తెల్లటి పేజీ ఒకటి తెరిచి, మ్యాక్రో పెట్టిన ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుంటాను. తెలుపంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలుగా విడిపోయి కనిపిస్తుంది. ఆ గీతలు నాలుగు మూలల్లోనూ ఒకేలా తేలే దాకా క్లిప్పును వెంట్రుకవాసి జరుపుతూ పోతాను. తెరకు సొంత వెలుతురు ఉంటుంది కాబట్టి ఫోన్ నీడ అడ్డం రాదు. కుదిరాక కవర్ మీద క్లిప్పు అంచు వెంట సన్నగా గీత పెట్టుకుంటే మర్నాడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఈ ఒక్క పనితో నా ఫోటోలు మారినంతగా ఖరీదైన లెన్సు కొన్నప్పుడు కూడా మారలేదు.

అన్నట్టు, ఇలాంటి సెట్టు మీ చేతికి వస్తే వైడ్ లెన్సును విప్పి చూడండి. చాలా సెట్లలో అది రెండు ముక్కలు, పై భాగం మర తిప్పి తీసేస్తే కింద మిగిలేదే మ్యాక్రో. రెండూ కలిపే ఉంచి మ్యాక్రో పనిచేయడం లేదనుకునేవాళ్లను చూశాను.

తీసేటప్పుడు అసలు కష్టం ఫోకస్. అంత దగ్గరలో స్పష్టంగా ఉండే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసేయండి. ఆపైన ఫోన్‌నే ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ వరుసగా పదీ ఇరవై తీయండి. మోచేతులు నేలకో మోకాలికో ఆనించండి. తూనీగ రెక్కలాంటి చదునైన వస్తువైతే ఫోన్‌ను దానికి సమాంతరంగా ఉంచితే రెక్క అంతా ఒకేసారి తేలుతుంది. వెలుతురు పక్కనుంచి రావాలి, ఎదురుపక్క ఒక తెల్ల కాగితం నిలబెడితే నీడలు మెత్తబడతాయి. ఫోన్ ఫ్లాష్‌ను వాడకండి, క్లిప్పు నీడ సగం ఫోటో మీద పడుతుంది. పురుగుల కోసమైతే తెల్లవారుజామునే వెళ్లండి. వాటి ఒళ్లు చుట్టూ ఉన్న గాలితోపాటే చల్లబడుతుంది కాబట్టి ఎండెక్కే దాకా కదలలేవు. మంచు బిందువులు మీసాలకు అంటుకుని కూర్చున్న తూనీగను అలాంటి పూటే తీశాను, ఒక్కటే ఫోటో, ఇప్పటికీ చూసుకుంటుంటాను.

పోలరైజర్ గురించి రెండు మాటలు. నీళ్ల మీద, గాజు మీద, నిగనిగలాడే ఆకుల మీద మెరుపు తగ్గించి అడుగున ఉన్నదాన్ని చూపిస్తుంది. ఎదురుగా నిలబడితే పనిచేయదు, ఏటవాలుగా చూడాలి. ఆ ఉపరితలానికి లంబంగా ఉండే గీత నుంచి నీళ్లకు 53 డిగ్రీలు, గాజుకు 56 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. తెర చూసుకుంటూ రింగు తిప్పండి. వెలుతురు సగానికంటే తక్కువకు పడిపోతుంది, చీకట్లో తీసేయండి. లోహపు మెరుపు మీద ఆశ పెట్టుకోకండి.

కొనేముందు ఒక స్కేలు తీసుకుని ఫోన్ పై అంచు నుంచీ పక్క అంచు నుంచీ మెయిన్ కెమెరా నడిమధ్యకు ఎంత దూరముందో కొలవండి. క్లిప్పు చెయ్యి అంత దూరం అందకపోతే ఎంత మంచి గాజైనా వృథా. అయస్కాంతపు రింగుతో అతుక్కునే రకాలు నాకు నచ్చలేదు. ఫోన్ లోపల ఫోకస్‌నూ వణుకునూ చూసుకునే భాగాలు అయస్కాంతాలతోనే కదులుతాయి, పక్కన బలమైనది ఇంకొకటి పెడితే తడబడతాయి. నా ఫోన్‌లో ఫోకస్ ఆగకుండా ఊగిపోతుంటే రిపేరుకు ఇవ్వబోయాను, రింగు పీకేశాక కుదుటపడింది.

మీ చేతిలో ఇప్పటికే అరువు లెన్సు ఉంది కాబట్టి కొత్తది ఇంకా కొనకండి. ముందు ఆ తెల్లటి తెర మీద క్లిప్పును సరిచేసి నాలుగు రోజులు తీసి చూడండి. క్లిప్పును ఎంత జరిపినా కుడిపక్క మసక అలాగే ఉంటే లెన్సును క్లిప్పులోనే 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. మసక ఎడమపక్కకు మారితే తేడా లెన్సులోనే ఉంది, మారకపోతే క్లిప్పు ఇంకా వాలి ఉందేమో, లేదా మీ ఫోన్ కెమెరా గాజు మీద మరకో గీతో ఉందేమో చూసుకోవాలి.