గేమ్ డిస్కులకు బ్యాకప్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా ప్లేస్టేషన్ 1 డిస్కుల్ని కంప్యూటర్‌లోకి ఐఎస్ఓలుగా (డిస్కు డేటాను దాచే ఇమేజ్ ఫైళ్లుగా) తీసుకున్నాను. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌ను కన్సోల్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌లో) ఆట నడుస్తోంది కానీ సంగీతం రావడం లేదు. డిస్కు పాడైందా?

జవాబు: డిస్కు బాగానే ఉంది, తీసిన ఫార్మాటే తప్పు. సీడీలో డేటా సెక్టార్లనే చిన్న ముక్కలుగా ఉంటుంది, ఒక్కో సెక్టారు 2,352 బైట్లు. ఐఎస్ఓ అందులోంచి 2,048 బైట్లే తీసుకుంటుంది, అదీ డేటా ట్రాకు నుంచే. మీ గేమ్ సంగీతం రెండో ట్రాకు నుంచి మామూలు ఆడియో సీడీ పాటల్లాగే ఉండి ఉంటుంది. అది ఐఎస్ఓలోకి రాదు. కొన్ని గేముల్లో వీడియోలు, మాటలు కూడా 2,324 బైట్ల డేటా ఉన్న సెక్టార్లలో ఉంటాయి కాబట్టి అవీ తెగిపోతాయి.

బిన్, క్యూ ఫైళ్ల జంటగా తీయండి: బిన్‌లో ట్రాకుల డేటా, క్యూలో ట్రాకుల జాబితా, బిన్ పేరు ఉంటాయి. ఇమ్‌గ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్కు నుంచి ఇమేజ్ తయారుచేసే బటన్ నొక్కి, వేగం 8ఎక్స్‌కు తగ్గించండి. ఇలాంటి డిస్కు కనబడితే అది తనంతట తానే బిన్ ఎంచుకుంటుంది. అదే డ్రైవులో రెండుసార్లు తీసి, రెండు బిన్‌ల ఎస్‌హెచ్‌ఏ-1 విలువలు (ఫైలులోని డేటాను బట్టి లెక్కించే గుర్తింపు కోడ్‌లు) పోల్చండి. తేడా వస్తే ఎక్కడో సరిగా చదవలేదన్నమాట. తర్వాత బిన్ పేరు మారిస్తే క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి అక్కడా మార్చాలి. ‘గేమ్ తెరుచుకోవడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇంత చిన్నదే.

యూరప్ డిస్కులైతే మరో చిక్కు. వాటిలో కొన్నింటికి లిబ్‌క్రిప్ట్ అనే కాపీ రక్షణ ఉంటుంది. అది సబ్‌ఛానల్‌లో (సెక్టార్ల డేటాతో పాటు డిస్కులో ఉండే అదనపు సమాచారంలో) దాగి ఉండడంతో బిన్‌లోకి రాదు. ఆ గేముకు సరిపోయే, ఆ రక్షణ సమాచారం ఉన్న ఎస్‌బీఐ ఫైలు పక్కన పెట్టకపోతే ఆట మధ్యలో నిలిచిపోవచ్చు.

ప్రశ్న: ఆ కాపీని సీడీ-ఆర్ మీద రాస్తే కన్సోల్ ఎందుకు ఒప్పుకోదు?

జవాబు: అసలు డిస్కు లోపలి అంచున గాడిని కావాలనే సన్నగా వంకర్లు తిప్పి, అందులో ప్రాంతపు సంకేతం దాచారు: జపాన్‌కు ఎస్‌సీఈఐ, అమెరికాకు ఎస్‌సీఈఏ, యూరప్‌కు ఎస్‌సీఈఈ. ఖాళీ సీడీ-ఆర్‌కు గాడి ఫ్యాక్టరీలోనే పడి వస్తుంది. బర్నర్ దాని వెంట రాయగలదే తప్ప గాడినే మార్చలేదు. ఖరీదైన డిస్కు కొన్నా ఫలితం అంతే. బ్యాకప్‌ను హార్డ్ డిస్కులోనే ఉంచుకోండి. సొంత డిస్కుకు కాపీ తీసుకోవడంపైనా, రక్షణను దాటడంపైనా చట్టం దేశానికో తీరుగా ఉంటుంది, ముందే చూసుకోండి. ఇతరులకు పంచడం మాత్రం బ్యాకప్ కిందికి రాదు.

ప్రశ్న: ప్లేస్టేషన్ 2 డిస్కు సగంలో రీడ్ ఎర్రర్ చూపిస్తోంది. ఎర్రర్లు వదిలేసి ముందుకు వెళ్లమని టిక్ పెట్టనా?

జవాబు: వద్దు. ఫైలు సైజు సరిగ్గానే వస్తుంది గానీ చదవలేని చోట డేటా ఉండదు. ఆ దశకు చేరినప్పుడే ఆట బిగుసుకుంటుంది. ముందు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. తర్వాత వేరే డ్రైవులో ప్రయత్నించండి. డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ అయితే చదివిన భాగాన్ని మ్యాప్ ఫైలులో గుర్తుపెట్టుకుంటుంది; ఒక డ్రైవులో మిగిలిన సెక్టార్లను మరో డ్రైవులో పూర్తిచేయవచ్చు. సెక్టారు సైజు 2,048 ఇవ్వండి. డీవీడీకి ఐఎస్ఓ సరిపోతుంది. అడుగు నీలంగా ఉన్న పీఎస్2 డిస్కు మాత్రం సీడీ, దానికి బిన్, క్యూ తీయాలి.

పాలిష్ చేయించాలంటే డీవీడీకి పరవాలేదు, డేటా పొర 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో అది 0.1 మిల్లీమీటరే, దాన్ని ముట్టుకోకండి. సీడీలో లేబుల్ వైపు గీత పడి వెలుతురు అవతలికి కనిపిస్తుంటే అక్కడి డేటా పోయినట్టే.

ప్రశ్న: నింటెండో వీ డిస్కును కంప్యూటర్ అసలు గుర్తించడం లేదు.

జవాబు: చాలా డ్రైవులు గుర్తించవు. డిస్కు చూడ్డానికి డీవీడీయే అయినా డేటాను అమర్చిన తీరు వేరు. హోంబ్రూ (కంపెనీవి కాని ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు) ఉన్న వీ కన్సోల్‌లోనే క్లీన్‌రిప్ అనే ప్రోగ్రాము నడిపి యూఎస్‌బీలోకి తీయాలి. ఒక పొర డిస్కు 4,699,979,776 బైట్లు. ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన డ్రైవులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి అది ముక్కలుగా వస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసిన డ్రైవు పెడితే ఒకే ఫైలుగా తీసుకోవచ్చు.